జానెడు గాలి

పక్కింటి చాచా పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను ఆయనకే చాయ్ పోస్తున్నాను.

మంగళవారం పొద్దున పది దాటింది. మా కారు షెడ్డులో కుట్టు మిషన్లు నడుస్తున్నాయి. ఆ వేళకు ఫ్లాస్కు మూత తీస్తే మొదటి గ్లాసు ఆయనది, దాని పక్కన ఒక సాసరు. చాయ్‌ని సాసరులోకి వంచుకుని ఊదుకుంటూ తాగడం ఆయన అలవాటు. దారం ఉండలు తేవడానికి దుకాణానికి వెళ్లిన యాదమ్మ ఉత్త చేతులతో తిరిగొచ్చి, "అక్కా, చాచా పోయిండట" అంది. "ఎటు పోయిండు?" అన్నాను నేను. నిజంగానే అడిగాను. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాక గానీ నాకు ఎక్కలేదు. చేతిలో ఫ్లాస్కు వంచింది వంచినట్టే ఉంది. గ్లాసు నిండి, సాసరు నిండి, బల్ల మీద కత్తిరించి పెట్టిన తెల్ల చొక్కా గుడ్డంతా చాయ్‌తో తడిసిపోయింది.

ముందురోజు సాయంత్రం ఐదింటికి ఆయన మా షట్టరు ముందు నిలబడి వెదురు తడక కడుతున్నాడు. ఎండలు ముదురుతున్నాయని, పడమటి ఎండ నేరుగా షట్టరు మీద పడకుండా ఒక అడుగు ఎడంగా తడక ఉండాలని వారం నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు. సగం కట్టి, కటింగ్ ప్లయరూ తీగ చుట్టా అక్కడే గోడ మీద పెట్టి, "మిగిలింది రేపొచ్చి కడ్త. నువ్వు దాన్ని ముట్టకు బిడ్డా, నీకు ఓపిక తక్కువ" అన్నాడు. నేను సరేలే అన్నాను. అంతకంటే మంచి మాట ఏదైనా అని ఉండాల్సింది. రేపొస్తానన్న మనిషితో ఎవరైనా ఏం మాట్లాడతారు?

ఆ ప్లయరు ఇప్పటికీ గోడ మీదే ఉంది. చూసినప్పుడల్లా కొత్తగా విన్నట్టే ఉలిక్కిపడుతున్నాను.

మాది పటాన్‌చెరు నుంచి లక్డారం పోయే దారిలో ఒక చిన్న కాలనీ. చాచా ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కన, మధ్యలో మూరెడు సందు. ఆయన ముప్పై ఏళ్లు మందుల ఫ్యాక్టరీల్లో లాగింగు పని చేశాడు. ఆ మాట నాకూ మొదట్లో తెలియదు. ఫ్యాక్టరీలో బాయిలరు నుంచి ఆవిరి పైపుల్లో పోతుంది కదా, దారిలో దాని వేడి తగ్గిపోకుండా పైపు చుట్టూ దూదిలాంటిది చుట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగి, కీళ్ల దగ్గర చీమ దూరే సందు కూడా లేకుండా మూసేస్తారు. అదీ లాగింగంటే. ఇక్కడి ఫ్యాక్టరీల మీదుగా బస్సులో పోతుంటే గోడల పైన వెండిలా మెరిసే పైపులు కనబడతాయే, వాటిలో చాలా పైపులకు ఆయన తొడుగులు తొడిగాడు. బస్సులో పక్కన కూర్చుంటే వేలు పెట్టి చూపించేవాడు. "ఆ మూల మలుపు సూస్తున్నవా? అది నాది. ఇరవై ఏండ్లాయె, ఇంకా ఊడలే."

మా షెడ్డు సంగతి చెప్పాలి, చాచా నాకు దగ్గరైందే దాని వల్ల.

మా ఆయన ఒకప్పుడు తెల్లాపూర్ అపార్టుమెంట్ల వాళ్లను ఆఫీసులకు దింపే కారు నడిపేవాడు. ఆ కారు కోసం ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాం. తర్వాత కారు అమ్మేసి ఆయన కంపెనీ బస్సు డ్రైవరుగా చేరాడు. షెడ్డు మిగిలింది. అప్పటికి నేను పటాన్‌చెరులో ఒక దుకాణం మడిగె కిరాయికి తీసుకుని, యాదమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్లతో బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తున్నాను. పోయినేడు ఏప్రిల్‌లో మడిగె ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. అదే నెలలో ఒక పెద్ద బడి ఆర్డరు వచ్చింది. జూన్‌లో బడి తెరిచేనాటికి చొక్కాలూ నిక్కర్లూ ఫ్రాకులూ అన్నీ ఇచ్చెయ్యాలి. ఇస్తే ఏడాది పొడుగునా వాళ్ల పని నాదే. ఇవ్వకపోతే ఆ తర్వాత నన్ను నమ్మి ఇంకో బడి ఆర్డరివ్వదు, నా దగ్గరున్న నలుగురూ ఏదో ఒక కంపెనీలో ప్యాకింగు పనికి పోవాల్సిందే.

వేరే దారి లేక మిషన్లు తెచ్చి కారు షెడ్డులో పెట్టాను. కారుకైతే ఎండా వానా తెలియవు. మనుషులం కూర్చునేసరికి తెలిసింది. ఇనుప రేకులు, పడమటికి ఇనుప షట్టరు. పదకొండు కొట్టేసరికి మిషను చక్రం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. చెమట పడి తెల్ల గుడ్డ మీద మరకలయ్యేవి. కూలర్ పెట్టి చూశాను, ఉక్కపోత ఇంకా ఎక్కువైంది. ఏసీ పెట్టించే తాహతు నాకు లేదు. కింద ఫాల్స్ సీలింగ్ వేసి చల్లగా చేస్తామన్న వాళ్లు చెప్పిన ధర వింటే షెడ్డు కూల్చి మళ్లీ కట్టుకోవచ్చు.

ఒకరోజు చాచా షట్టరు కింద నుంచి తల వంచి లోపలికొచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. స్టూలెక్కి అరచెయ్యి రేకుకు బెత్తెడు దూరంలో పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు చూశాడు. దిగి, "థర్మామీటర్లు అబద్ధం సెప్తయి బిడ్డా. చెయ్యినడుగు, చెయ్యి సెప్తది" అన్నాడు. "ఏం చెప్పింది మరి?" అన్నాను. "గీ ఆడోళ్లను రొట్టెల లెక్క కాలుస్తున్నవని చెప్పింది." అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే నిజం.

"పైసలు గిట్ల ఎక్కువ కాకుండ నేను చేస్త" అన్నాడు. ఆయన రిటైరై అప్పటికి మూడేళ్లు. నాలుగు రోజులు కబాడీ దుకాణాలు తిరిగి, ఫ్యాక్టరీల్లో పాత పైపుల మీంచి ఊడదీసిన అల్యూమినియం రేకులు తూకానికి కొనుక్కొచ్చాడు. మా వాకిట్లో కూర్చుని చెక్కసుత్తితో ఒక్కో రేకునూ సాపు చేశాడు. మే నెల ఎండలో కూడా నిండు చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. "విప్పు చాచా, ఉడికిపోతవు" అంటే, "అలవాటు" అనేవాడు. పని అయ్యాక నేరుగా మా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. గేటు బయట నిలబడి చొక్కా దులుపుకుని, మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడొచ్చేవాడు. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ స్నానం చెయ్యనిదే పిల్లల్ని ఎత్తుకునేవాడు కాదట. శుభ్రం ఎక్కువ మనిషి అనుకున్నాను.

రేకుల కింద పాత గోనె సంచులు పరిచి, వాటిని రేకులకు అంటుకునేలా అల్యూమినియం బిగించాడు. గోడకూ రేకులకూ మధ్య ఉన్న సందులన్నీ సిమెంటు పెట్టి మూశాడు. షట్టరు అంచులకు రబ్బరు పట్టీ వేశాడు. రెండు రోజుల పని. అయ్యాక షెడ్డు లోపల నుంచి చూస్తే వెండి డబ్బాలో ఉన్నట్టుంది. యాదమ్మ పైకి చూసుకుని కొప్పు సవరించుకుంది. నాకు ఆనందం పట్టలేదు, చాచాకు సేమియా చేసి పెట్టాను.

మూడోరోజు మధ్యాహ్నం యాదమ్మ మిషను మీదికి తల వాల్చేసింది. నిద్రనుకున్నాను. కళ్లు తిరిగి పడిపోయింది. ఎత్తి వాకిట్లో పడుకోబెట్టి నీళ్లు చల్లాం. లోపలికెళ్లి చూస్తే ముందుకంటే ఘోరం. ఇస్త్రీపెట్టె వేడి, మిషన్ల మోటార్ల వేడి, ఐదుగురు మనుషుల ఒంటి వేడి, అంతా లోపలే ఉంది. బయటికి పోవడానికి దారి ఉంటే కదా!

చాచా పరుగెత్తుకొచ్చాడు. స్టూలెక్కాడు, చెయ్యి పెట్టాడు, దిగాడు. మొహం తెల్లబోయింది. అట్లా నేల మీద చతికిలబడి, "తప్పు చేసిన" అన్నాడు. "ముప్పై ఏండ్లు వేడి బయటికి పోకుండ కాపలా కాసిన బిడ్డా. చెయ్యికి అదే అలవాటైపోయింది. నీ షెడ్డును గూడ పైపు లెక్కనే కట్టేసిన."

ఎవరికైనా జాలి కలిగే మాట. నాకు మాత్రం జూన్ తప్ప ఏమీ కనబడటం లేదు. అప్పటికే వారం పోయింది. నాకు ముక్కు మీద కోపమని మా ఇంటివాళ్లందరికీ తెలుసు, కాలనీ వాళ్లకు ఆరోజు తెలిసింది. చాచా మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చి, తాను బిగించిందంతా తానే ఒక్కో మేకూ ఊడబీకాడు. ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయనకు తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన ఫ్యాక్టరీలో మిగిలిపోయిన గ్లాస్ ఊల్ చుట్టలు ఉన్నాయి, పట్టుకుపొమ్మన్నాడు. గాజుతో చేసిన పసుపుపచ్చ దూది అది. పుక్కట్లో వచ్చింది! ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చి వాకిట్లో దింపించాను. చాచాకు పండగలా ఉంటుందనుకున్నాను. ఆయన ముప్పై ఏళ్లు చుట్టింది అదే కదా.

ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు.

"గది ఎవరు తెమ్మన్నరు?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పుక్కట్ల ఇచ్చిన్రు చాచా. మస్తు పనికొస్తది గద?"

"వాపస్ పంపియ్యి. ఇప్పుడే. జల్దీ."

"ఏంది వాపస్? జూన్ నెత్తి మీదికొచ్చె. ఏం తక్కువైంది దానికి?"

"ఆడోళ్లు కూసునే జాగా ఇది. అది లోపలికి రావద్దు. అంతే."

ఇంకేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే వినేదాన్నా? ఏమో. వేరేవాళ్లు తెచ్చారని ఈయనకు ఉక్రోషం అనుకున్నాను. మాటకు మాట పెరిగింది. చివరికి నేను అన్నాను, నలుగురు ఆడవాళ్లూ మా ఆయనా వింటుండగా అన్నాను: "నీ పని పైపులకే పనికొస్తది చాచా. మనుషులకు గాదు."

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక వెనక్కి తీసుకుందామంటే రాదు కదా. ఆటోవాణ్ణి ఆయనే పిలిచి, ముక్కుకు రుమాలు కట్టుకుని చుట్టలన్నీ తానే ఎక్కించి, వాకిలి తడిగుడ్డతో తుడిచి, వెళ్లిపోయాడు. మూడు రోజులు మా వైపు రాలేదు.

నాలుగోరోజు పొద్దున షట్టరు తీసేసరికి ఆయన తీగ చుట్టతో నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మూడు దినాల సంది సోంచాయించిన" అన్నాడు. "మనకు కావల్సింది దూది గాదు. గాలి. గాలి కంటె సస్తా లాగింగు దునియాల లేదు, పైస ఖర్చు గాదు. ఉత్త జానెడు గాలి."

ఈసారి అల్యూమినియం రేకుల్ని ఇనుప రేకులకు ఆనించలేదు. తీగలు కట్టి, సరిగ్గా జానెడు కిందికి వేలాడదీశాడు. కొలతకు టేపు వాడలేదు, ప్రతి తీగ దగ్గరా బొటనవేలూ చిటికెనవేలూ చాపి తన జానతోనే కొలిచాడు. రేకులు వాలిన పల్లం వైపు గోడ మీద సందు తెరిచాడు, ఎత్తు వైపు గోడ మీద ఇంకా పెద్ద సందు తెరిచి దోమల జాలీ కొట్టాడు. తాను సిమెంటు పెట్టి మూసిన సందులే అవి. పై రేకు కాలుతుంది, దాని కింద గాలి వేడెక్కి ఎత్తుకు పాకి, ఆ పెద్ద సందులోంచి బయటికి పోతుంది, పల్లం నుంచి కొత్త గాలి వస్తుంది. రేకుల మీద రెండుసార్లు సున్నం పూయించాడు. ఇస్త్రీ బల్లను బయట వాకిట్లో నీడకు మార్పించాడు. గుడ్డ మడతలు అక్కడికీ ఇక్కడికీ మోసుకురావడం విసుగని నేను గొణిగితే, "పొయ్యి ఇంట్ల పెట్టుకొని చల్లగుండాలంటె ఎట్ల?" అన్నాడు.

అంతా అయ్యాక యాదమ్మను ఒక నీలం దారం అడిగాడు. నిక్కర్లు కుట్టే దారం. మూరెడు తెంపి, ఎత్తు వైపు సందుకు కొట్టిన జాలీకి బయటివైపు ముడేశాడు. అందరం ఏదో తాయెత్తు కడుతున్నాడనుకున్నాం. "గిది ఆడినంత సేపు షెడ్డు ఊపిరి తీస్కుంటుందన్నట్టు" అన్నాడు. "ఆగిందంటె సందుల ఏదో అడ్డం పడ్డది, నన్ను పిలువు."

ఆ సందు ఆయన ఇంటి వైపే ఉంది. "మా వేడంతా నీ కిటికీల మీదికే వస్తది గద చాచా" అన్నాను, కొంచెం సిగ్గుతో.

"రానీ బిడ్డా. నాకు అలవాటే."

ఆరోజు మధ్యాహ్నం రెండింటికి మిషను చక్రం పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది, అంతే. చల్లగా ఉందని అబద్ధం చెప్పను, మే నెల మే నెలే. కానీ కూర్చోగలిగాం. కుట్టగలిగాం. బడి తెరవడానికి రెండు రోజుల ముందు ఆఖరి మూట కట్టాం. ఈరోజుకీ ఆ షెడ్డులోనే నా బతుకు నడుస్తోంది, ఇంకో నలుగురివీ.

ఆయనకు క్షమించు చాచా అని మాత్రం చెప్పలేదు. మొహం చెల్లలేదు. చాయ్‌లో చెంచాడు చక్కెర ఎక్కువేసి సరిపెట్టుకున్నాను. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు కానీ, ఆనాటి నుంచి రోజూ షెడ్డులోకి అడుగుపెడుతూ, "పైపులు మంచిగున్నయా?" అని అడిగేవాడు. యాదమ్మ, "మేం మనుషులం చాచా" అనేది. "అట్లనా, అయితె ఇంకా మంచిది" అని తన స్టూలు దగ్గరికి పోయేవాడు. నన్ను దెప్పుతున్నాడని లోపల గింజుకునేదాన్ని. దెప్పు కాదని ఇప్పుడనిపిస్తోంది.

ఆయన స్టూలు పల్లం వైపు గోడ దగ్గర, గాలి లోపలికొచ్చే సందు కింద. పదింటికి వచ్చి గంటో గంటన్నరో కూర్చునేవాడు. మాట్లాడింది తక్కువ. మధ్యమధ్య దగ్గేవాడు. "ఏంది చాచా ఆ దగ్గు?" అంటే "దుమ్ము" అనేవాడు. నీలం దారం వైపు చూస్తూ కూర్చునేవాడు. తన పనితనం చూసుకుని మురిసిపోతున్నాడని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఎవరైనా సందు దగ్గర అట్టపెట్టె పెడితే మాత్రం అక్కడికక్కడే తీయించేవాడు.

మంగళవారం ఆయన ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారన్నారు. లోపల ఆడవాళ్ల మధ్య చాచీ గోడకు ఆనుకుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎట్లా జరిగిందని అడిగే ధైర్యం నాకు లేదు. ఆమే చెప్పింది.

"నీ కాడికే వస్తుండె బిడ్డా. తడక బాకీ ఉన్నది అన్నడు. అంగీ తొడిగి గుండీలు వెట్టుకుంటుండు. ఊపిరి అందుత లేదు, కిటికీ తెరువన్నడు. నేను తెరిచి మళ్లీ చూసెవరకు అయిపోయె."

"దవాఖానకు..." అన్నాను.

"దవాఖానల వాళ్లకు ఎప్పుడో తెల్సు. ఆయనకు తెల్సు. రెండేండ్లాయె."

చాచీ లేచి, అలమర మీది నుంచి ఒక పెద్ద కవరు తీసి నా ఒళ్లో పెట్టింది. ఊపిరితిత్తుల ఫొటోలు. నాకు వాటిని చదవడం రాదు. రెండు ఊపిరితిత్తుల నిండా బూజు పట్టినట్టు తెల్లని గీతలు కనబడ్డాయి. ముప్పై ఏళ్లు పీల్చిన దుమ్ము లోపల కూర్చుందని, తిత్తులు బిగుసుకుపోయాయని డాక్టరు చెప్పాడట. మొదట్లో తెల్ల పిండి కలిపి ఉత్త చేతుల్తో పైపులకు పూసేవాళ్లట, తర్వాత గాజు దూది వచ్చిందట. మూతికి గుడ్డ కట్టుకోవాలని అప్పుడు ఎవరూ చెప్పలేదట, వాళ్లూ అడగలేదట. "పక్కోళ్లకు చెప్పకు, పరేషాన్ అయితరు అన్నడు" అంది చాచీ. "నీకైతె అస్సలు చెప్పద్దన్నడు. నీకు కోపమెక్కువ, నా మీద కోపానికొస్తవన్నడు."

రెండేళ్లు. అంటే పోయినేడు నా వాకిట్లో ఆ పసుపుపచ్చ చుట్టలు దిగిన రోజుకు ఆ కవరు ఈ అలమర మీదే ఉంది. ఆ మనిషి ముక్కుకు రుమాలు కట్టుకుని, తన ఊపిరి తీసిన దాన్ని తన చేతులతోనే ఎత్తి ఆటోలో వేసి, మా వాకిలి తుడిచి వెళ్లాడు. అప్పుడు నేను ఆయనతో ఏమన్నానో మీకు చెప్పాను. మళ్లీ రాయలేను. తల మీద ఎవరో గట్టిగా మొట్టినట్టయింది. ఏడుపు కూడా రాలేదు. అక్కడే, అంతమంది ఆడవాళ్ల మధ్య, నోరు తెరుచుకుని ఆ కవరు వైపే చూస్తూ కూర్చున్నాను.

"రోజు నీ షెడ్డుకు ఎందుకొస్తుండెనో తెల్సా?" అంది చాచీ. "ఇంట్ల గాలి ఆడ్త లేదు, అక్కడ కూసుంటె ఊపిరి మంచిగ అందుతది అనెటోడు. నేను గూడ రమ్మంటె, నువ్వొస్తె నా జాగా పోతదని నవ్వెటోడు."

మేం చాటుగా నవ్వుకున్నది గుర్తొచ్చింది. ఆయన పనితనం చూసుకోవడానికి రాలేదు. ఊపిరి పీల్చుకోవడానికి వచ్చేవాడు. అది అడుక్కోవడం కూడా ఆయనకు ఇష్టం లేదు కాబట్టి తనిఖీకి వచ్చినట్టు వచ్చేవాడు. తన ఇంటికి అట్లాంటి సందు ఒకటి ఎందుకు చేసుకోలేదని అడుగుదామనుకుని ఆగిపోయాను. పక్కింటి వేడంతా కిటికీల మీదికి వచ్చే ఇంటికి ఏ వైపు సందు పెట్టుకుంటాడు? ఆ వేడి ఎవరిదో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ మాట చాచీ దగ్గర అనేశాను. నోరాగదు కదా నాకు. మా షెడ్డు వేడి వల్లే ఆయనకు ఇంట్లో ఊపిరాడలేదేమో అన్నాను. చాచీ నన్ను గట్టిగా ఒక కుదుపు కుదిపింది. "పాగల్ లెక్క మాట్లాడకు. ఆయన చేసిన పనులల్ల ఆయనకు నచ్చింది నీ షెడ్డొక్కటే. మిగిలినయన్ని వేడి దాచిపెట్టేటియి, ఇదొక్కటి మనుషుల కోసం చేసిన అనెటోడు." ఆమె మాటను నేను నమ్మానో లేదో నాకే తెలియదు. నమ్మాలని ఉంది.

నమాజు తర్వాత ఆయన్ని తీసుకుపోయారు. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాం. నాతోపాటు యాదమ్మ, మిగిలిన ముగ్గురూ. ఇంటికి పొండని వాళ్లకు చెప్పాను, ఎవరూ పోలేదు. అందరం షెడ్డులోకి వచ్చాం. పని చెయ్యడానికి కాదు, ఇంకెక్కడికి పోవాలో తోచక. ఎవరో మెయిను కట్టేశారు. మిషన్లు ఆగి ఉన్నాయి, ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. చాయ్ మరక పడిన తెల్ల గుడ్డ బల్ల మీద అట్లాగే ఉంది. ఆయన స్టూలు ఖాళీగా ఉంది. దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు.

రెండు దాటింది. బయట నిప్పులు చెరిగే ఎండ, షట్టరు ముందు సగం కట్టిన తడక. చాలాసేపటికి యాదమ్మ తల పైకెత్తింది. ఆమె ఎటు చూస్తోందో నేనూ చూశాను, తర్వాత అందరం చూశాం.

ఎత్తు వైపు సందులో, జాలీకి అవతల, నీలం దారం ఆడుతోంది. లోపలి వేడినంతా మెల్లగా బయటికి తీసుకుపోతూ, కొస ఆయన కిటికీ వైపు చాపి, ఆగకుండా ఆడుతోంది.